ఓఎల్‌ఈడీ కాంతి పదార్థాలు: రూపకల్పన సూత్రాలు, హైదరాబాద్ పరిశోధనలు

విద్యుత్తు పారినప్పుడు కర్బన అణువులు వెలువరించే కాంతితో పనిచేసే డయోడే ఓఎల్‌ఈడీ. రెండు ఎలక్ట్రోడుల నడుమ పరచిన పలుచని కర్బన పొరలతో దీన్ని తయారుచేస్తారు. ఆ పొరలన్నిటి మందం కలిపినా సాధారణంగా కొన్ని వందల నానోమీటర్లే. వాటిలో ఒక పొరలో కొద్ది పాళ్లలో కలిపిన ఉద్గారక అణువు వెలుగునిస్తుంది. తెర రంగు ఎంత శుద్ధంగా ఉంటుంది, బ్యాటరీ ఎంతసేపు నిలుస్తుంది, తెర ఎన్నేళ్లు మన్నుతుంది అనే మూడు విషయాలనూ చాలావరకు నిర్ణయించేది ఆ అణువు నిర్మాణమే.

హైదరాబాద్ పాతబస్తీలో అకర్బన, కర్బన డయోడ్లు రెండూ పక్కపక్కనే కనిపిస్తాయి. రంజాన్ రాత్రుల్లో చార్మినార్ చుట్టూ, లాడ్‌బజార్ దుకాణాల ముందు వెలిగే దీపాల తోరణాలు ఎల్‌ఈడీలు. వాటిలో కాంతినిచ్చేవి గాలియం నైట్రైడ్ వంటి అకర్బన స్ఫటికాలు. ఆ వెలుగులను ఫొటో తీసే ఫోన్లలో చాలావాటి తెరలు ఓఎల్‌ఈడీలు. స్ఫటికపు దీపం ఒక చుక్కగా వెలుగుతుంది. కర్బన పొరను మాత్రం తెరంతా పరచవచ్చు, వంగే ప్లాస్టిక్ మీద కూడా వేయవచ్చు. తెరలోని ప్రతి బిందువూ తనంత తానుగా వెలుగుతుంది కనుక వెనక దీపం అక్కరలేదు. నలుపు కావలసినచోట బిందువు పూర్తిగా ఆరిపోతుంది.

ఈ పదార్థాల చరిత్రంతా ఒక నష్టాన్ని పూడ్చుకునే ప్రయత్నంగా సాగింది. విద్యుత్తు వల్ల అణువుల్లో పుట్టే ఉత్తేజిత స్థితుల్లో నాలుగింట మూడు వంతులు సహజంగా కాంతినివ్వవు. వాటిని వెలుగుగా మార్చే అణువును రూపొందించడం మొదటి సవాలు. ఆ అణువు వేల గంటలపాటు చెడకుండా చూడడం రెండోది. మొదటిదాన్ని రసాయన శాస్త్రం చాలావరకు గెలిచింది. రెండోది ఇంకా పూర్తికాలేదు.

చరిత్ర

కర్బన పదార్థాల నుంచి విద్యుత్తుతో కాంతిని రాబట్టవచ్చని 1950లలో ఫ్రాన్స్‌లో ఆంద్రే బెర్నానోజ్ బృందం చూపింది. 1963లో న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో మార్టిన్ పోప్, ఆయన సహచరులు ఆంత్రసీన్ స్ఫటికానికి ఏకముఖ విద్యుత్తు ఇచ్చి నీలి కాంతిని రాబట్టారు. కానీ స్ఫటికం మందంగా ఉండడంతో వందల వోల్టులు అవసరమయ్యాయి. అందువల్ల రెండు దశాబ్దాలకు పైగా ఈ విద్య ప్రయోగశాల దాటలేదు.

మలుపు 1987లో వచ్చింది. అమెరికాలోని ఈస్ట్‌మన్ కోడాక్ సంస్థలో పనిచేస్తున్న చింగ్ టాంగ్, స్టీవెన్ వాన్‌స్లైక్ స్ఫటికాన్ని వదిలేసి, శూన్యంలో ఆవిరి చేసి వేసిన రెండు పలుచని పొరలను వాడారు. ఇండియం టిన్ ఆక్సైడ్ పూసిన గాజు మీద ఒక డైఅమీన్ పొర, దానిపై అల్యూమినియం క్వినోలినేట్ పొర, ఆపైన మెగ్నీషియం, వెండి కలిపిన కాథోడ్ వేశారు. ధన ఆవేశాలను మోయడానికి ఒక పొర, ఎలక్ట్రాన్లను మోసి వెలుగునివ్వడానికి మరొకటి అని పని పంచడమే ఇందులోని కొత్తదనం. పది వోల్టుల లోపే చదరపు మీటరుకు 1000 క్యాండెలాలకు మించిన ఆకుపచ్చ కాంతి వచ్చింది. అయితే బాహ్య క్వాంటమ్ దక్షత ఒక శాతమే. అంటే నూరు ఎలక్ట్రాన్లు పంపితే బయటికి వచ్చిన ఫోటాన్ సుమారుగా ఒక్కటి.

రెండేళ్లకు అదే బృందం కాంతి పొరలో కూమరిన్ వంటి రంజకాన్ని కొద్ది పాళ్లలో కలిపి దక్షతను రెట్టింపు చేసింది. ఆతిథేయ పదార్థం ఆవేశాలను మోయాలి, అందులో పలుచగా కలిసిన అతిథి అణువు వెలగాలి అనే పద్ధతి అప్పటి నుంచి స్థిరపడింది. 1990లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో జెరెమీ బరోస్, డొనాల్ బ్రాడ్లీ, రిచర్డ్ ఫ్రెండ్ బృందం పాలీ ఫినిలీన్ వినిలీన్ అనే పాలిమర్‌ను వెలిగించి, ద్రావణం నుంచి పూతగా వేసే దారిని తెరిచింది. 1997లో పయనీర్ సంస్థ కారు ఆడియో పరికరంలో ఓఎల్‌ఈడీ తెరను అమ్మకానికి తెచ్చింది. 2007లో సోనీ 11 అంగుళాల టీవీని విడుదల చేసింది.

వెలుగు పుట్టే తీరు

కాథోడ్ నుంచి ఎలక్ట్రాన్లు, ఆనోడ్ నుంచి రంధ్రాలు అనే ధన ఆవేశాలు పొరల్లోకి వస్తాయి. స్ఫటికంలోలాగా ఇక్కడ తెరిపి దారి ఉండదు కనుక అవి ఒక అణువు నుంచి మరో అణువుకు దూకుతూ సాగుతాయి. ఒకే అణువు మీద రెండూ కలిసినప్పుడు ఎక్సైటాన్ అనే ఉత్తేజిత స్థితి పుడుతుంది. అది కుదుటపడేటప్పుడు వదిలే శక్తే కాంతి.

ఎలక్ట్రాన్‌కూ రంధ్రానికీ స్పిన్ ఉంటుంది. రెండు స్పిన్‌లు కలిసే విధానాలు నాలుగు. వాటిలో ఒకటి సింగ్లెట్, మూడు ట్రిప్లెట్లు. సింగ్లెట్ నానోసెకండ్లలో కాంతిగా మారుతుంది. దీన్నే ప్రతిదీప్తి అంటారు. ట్రిప్లెట్ నేరుగా కిందికి దిగడానికి క్వాంటమ్ నియమాలు అడ్డువస్తాయి. సాధారణ కర్బన అణువులో అది కాంతినిచ్చేలోగా వేడిగా కరిగిపోతుంది. నాలుగు పుట్ల పంట పండితే మూడు పుట్లు కళ్లంలోనే కుళ్లిపోయినట్టు, పెట్టిన విద్యుత్తులో ముప్పావు వంతు ఇలా పోతుంది.

దక్షతను నాలుగు అంశాల లబ్ధంగా లెక్కిస్తారు. ఆవేశాలు ఎంత సమతూకంగా కలుస్తున్నాయి, పుట్టిన ఎక్సైటాన్లలో కాంతినివ్వగలిగేవి ఎంత, అవి నిజంగా కాంతినిచ్చే పాలు ఎంత, పుట్టిన కాంతిలో బయటపడేది ఎంత అన్నవి ఆ నాలుగు. చివరిది చాలామంది ఊహించనంత తక్కువ. కర్బన పొరల వక్రీభవన గుణకం సుమారు 1.7 నుంచి 1.8 వరకు ఉండడంతో కాంతి లోపలే పరావర్తనం చెంది చిక్కుకుపోతుంది. ప్రత్యేక ఏర్పాట్లు లేని ఫలకంలో బయటికి వచ్చేది దాదాపు 20 శాతం. ప్రతిదీప్తి అణువులో వెలిగే ఎక్సైటాన్లు 25 శాతం కనుక, మిగతావన్నీ పరిపూర్ణంగా ఉన్నా బాహ్య దక్షత 5 శాతం దగ్గర ఆగిపోతుంది. తర్వాతి కృషి అంతా ఈ 5 శాతం గోడను దాటడానికే జరిగింది.

స్ఫురదీప్తి పదార్థాలు

బరువైన లోహ పరమాణువు పక్కన ఉంటే ట్రిప్లెట్ మీది నిషేధం సడలి అది నేరుగా కాంతినిస్తుంది. దీన్నే స్ఫురదీప్తి అంటారు. కేంద్రకంలో ఆవేశం ఎక్కువయ్యేకొద్దీ ఎలక్ట్రాన్ స్పిన్‌కు, దాని కక్ష్యా చలనానికి మధ్య ముడి బలపడడమే ఈ సడలింపుకు కారణం. 1998లో అమెరికాలో స్టీఫెన్ ఫారెస్ట్, మార్క్ థాంప్సన్ బృందాలు ప్లాటినం పోర్ఫిరిన్‌తో ట్రిప్లెట్ల నుంచి ఎర్ర కాంతిని రాబట్టాయి. మరుసటి ఏడాది ఇరిడియం చుట్టూ మూడు ఫినైల్ పిరిడీన్ లైగాండ్లు (లోహానికి అంటుకునే కర్బన సమూహాలు) ఉన్న అణువు ఆకుపచ్చగా వెలిగి 8 శాతం బాహ్య దక్షతను చేరింది. 2001లో అదే కుటుంబపు మరో అణువుతో అది సుమారు 19 శాతానికి పెరిగింది. లోపల పుట్టిన ఎక్సైటాన్లు దాదాపు అన్నీ కాంతిగా మారుతున్నాయని దీనర్థం.

లైగాండ్‌ను మార్చి రంగును మార్చడం ఇక్కడి ప్రధాన రూపకల్పన సూత్రం. సంయుగ్మ బంధాల వరుసను పొడిగిస్తే శక్తి అంతరం తగ్గి కాంతి ఎరుపు వైపు జరుగుతుంది. ఫ్లోరిన్ వంటి ఎలక్ట్రాన్లను లాగే పరమాణువులను సరైన చోట చేరిస్తే నీలం వైపు జరుగుతుంది. ఇరిడియం భూమి పొరల్లో అత్యంత అరుదైన లోహాల్లో ఒకటి, ఖరీదైనది. అయినా నేటి ఫోన్ తెరల్లో ఎరుపు, ఆకుపచ్చ రంగులను ఎక్కువగా ఇచ్చేవి ఇరిడియం అణువులే.

ఉష్ణ ప్రేరిత విలంబ ప్రతిదీప్తి

లోహం లేకుండానే ట్రిప్లెట్లను వాడుకునే దారిని జపాన్‌లోని క్యూషూ విశ్వవిద్యాలయంలో చిహాయా అదాచి బృందం 2012లో బలంగా నిరూపించింది. ట్రిప్లెట్ శక్తి స్థాయి సింగ్లెట్ కన్నా కొంచెం కిందుగా ఉంటుంది. ఆ అంతరం సాధారణ అణువుల్లో అర ఎలక్ట్రాన్ వోల్టుకు పైబడి ఉండవచ్చు. దాన్ని 0.1 ఎలక్ట్రాన్ వోల్టు సమీపానికి తగ్గించగలిగితే గది ఉష్ణోగ్రత ఇచ్చే అదుపులేని కదలికలే ట్రిప్లెట్‌ను పైకి నెట్టి సింగ్లెట్‌గా మారుస్తాయి. తర్వాత అది మామూలుగానే వెలుగుతుంది. ఆ బృందం బెంజీన్ వలయానికి రెండు సయనో, నాలుగు కార్బజోల్ సమూహాలు తగిలించి తయారుచేసిన ఆకుపచ్చ ఉద్గారకం 19 శాతానికి పైగా బాహ్య దక్షతనిచ్చింది. ఇరిడియం చేసిన పనిని కార్బన్, నత్రజని, హైడ్రోజన్ మాత్రమే ఉన్న అణువు చేసిందన్నమాట.

అంతరాన్ని తగ్గించే ఉపాయం అణువు ఆకృతిలోనే ఉంది. ఎలక్ట్రాన్‌ను ఇచ్చే భాగం దాత, దాన్ని లాక్కునే భాగం గ్రాహి. ఎలక్ట్రాన్ నిండిన పైస్థాయి కక్ష్యను దాత మీద, ఖాళీగా ఉన్న కిందిస్థాయి కక్ష్యను గ్రాహి మీద విడివిడిగా ఉంచితే సింగ్లెట్, ట్రిప్లెట్ శక్తులు దగ్గరవుతాయి. అందుకే రసాయన శాస్త్రజ్ఞులు రెండు భాగాల నడుమ బంధాన్ని మెలితిప్పి, ఒకదాని తలానికి ఇంకొకటి దాదాపు లంబంగా నిలిచేలా ఇరుకైన స్థానాల్లో స్థూలమైన సమూహాలను పెడతారు.

ఇక్కడే అసలు చిక్కు ఉంది. కక్ష్యలను మరీ దూరం చేస్తే కాంతినిచ్చే వేగం కూడా పడిపోతుంది. కక్ష్యలు కొంత కలవాలి, మరీ కలవకూడదు. మంచి అణువు ఈ రెండు అవసరాల మధ్య తూకంలో పుడుతుంది. పైగా మెలితిరిగిన అణువు ఉత్తేజితమైనప్పుడు ఆకృతి మార్చుకుంటుంది కనుక దాని వర్ణపటం వెడల్పుగా, తరచు 70 నుంచి 100 నానోమీటర్ల దాకా పరుచుకుంటుంది. తెరకు కావలసింది శుద్ధమైన, ఇరుకైన రంగు.

ఈ సమస్యకు తకుజి హతకెయామా బృందం 2016లో భిన్నమైన జవాబిచ్చింది. దాత, గ్రాహి సమూహాలను విడదీయకుండా, ఒకే బిగుతైన వలయ వ్యవస్థలో బోరాన్, నత్రజని పరమాణువులను ఎదురెదురు స్థానాల్లో అమర్చింది. దీనివల్ల రెండు కక్ష్యలూ పక్కపక్క పరమాణువుల మీద ఒకటి మార్చి ఒకటిగా సర్దుకుంటాయి. శక్తి అంతరమూ తగ్గుతుంది, కాంతినిచ్చే వేగమూ నిలుస్తుంది, బిగుతు వల్ల వర్ణపటం ఇరుకవుతుంది. 2019లో ఈ కుటుంబపు నీలి ఉద్గారకం 469 నానోమీటర్ల దగ్గర 18 నానోమీటర్ల వెడల్పుతో వెలిగి, 34 శాతానికి పైగా బాహ్య దక్షతను చూపింది. అకర్బన ఎల్‌ఈడీలతో పోటీపడే రంగు శుద్ధి ఇది.

మరో దారిలో పనిని రెండు అణువులకు పంచుతారు. విలంబ ప్రతిదీప్తి అణువు ఎక్సైటాన్లను పోగుచేస్తుంది. ఆ శక్తిని ఇరుకైన వర్ణపటమున్న ప్రతిదీప్తి అణువుకు అందిస్తుంది. చివరికి కాంతినిచ్చేది రెండోది. 2014 నుంచి ఈ పద్ధతి విస్తృతంగా పరిశోధనలో ఉంది.

రూపకల్పనలో పాటించే ఇతర నియమాలు

ద్రావణంలో ధగధగలాడిన అణువు ఘనరూపంలో ఆరిపోవడం పాత సమస్య. చదునైన అణువులు ఒకదానిపై ఒకటి పేర్చుకున్నప్పుడు శక్తి వేడిగా జారిపోతుంది. 2001లో హాంకాంగ్‌లో బెన్ ఝాంగ్ టాంగ్ బృందం దీనికి వ్యతిరేక ధోరణిని వర్ణించింది. కొన్ని అణువులు ద్రావణంలో తమ వలయాలను తిప్పుతూ శక్తిని పోగొట్టుకుంటాయి. గుమికూడినప్పుడు ఆ తిరుగుడు ఆగి బాగా వెలుగుతాయి. ఘన పొరల్లో వాడే ఓఎల్‌ఈడీలకు ఇది విలువైన గుణం.

ఉష్ణస్థిరత్వమూ అంతే ముఖ్యం. తొలి పరికరాల్లో వాడిన డైఅమీన్‌లలో ఒకటైన టీపీడీ పొర దాదాపు 65 డిగ్రీల సెల్సియస్ దగ్గరే గాజు స్థితిని కోల్పోయి స్ఫటికాలుగా గట్టిపడేది. నాఫ్తలీన్ సమూహాలు చేర్చిన దాని బంధువు ఎన్‌పీబీ సుమారు 95 డిగ్రీల దాకా నిలిచింది. ఎండాకాలంలో మూసిన కారులో ఫోన్ ఎంత వేడెక్కుతుందో తెలిసిన మనకు ఈ తేడా విలువ వేరే చెప్పనక్కరలేదు.

ఆతిథేయ పదార్థపు ట్రిప్లెట్ శక్తి ఉద్గారకం కన్నా ఎక్కువగా ఉండాలి. లేకపోతే ఎక్సైటాన్ వెనక్కి జారి వృథా అవుతుంది. అణువు పొడుగ్గా, పొరకు సమాంతరంగా పడుకునేలా రూపొందిస్తే కాంతి ఎక్కువగా పైకి వెలువడి, బయటికి వచ్చే పాలు 20 శాతాన్ని దాటుతుంది. 34 శాతం వంటి అంకెల వెనక ఈ అమరిక ఉంది.

నీలం సమస్య

ఎరుపు, ఆకుపచ్చల్లో దక్షత, మన్నిక రెండూ సాధ్యమయ్యాయి. నీలంలో ఇంకా కాలేదు. నీలి ఫోటాన్ శక్తి సుమారు 2.7 ఎలక్ట్రాన్ వోల్టులు. కర్బన అణువుల్లోని బలహీన బంధాలను తెంచే శక్తికి ఇది చాలా దగ్గర. ట్రిప్లెట్ ఎంత ఎక్కువసేపు బతికితే ఇంకొక ఎక్సైటాన్‌తోనో ఆవేశంతోనో ఢీకొనే అవకాశం అంత పెరుగుతుంది. అలా రెండు శక్తులు ఒకచోట కలిస్తే బంధం తెగుతుంది. తెగిన ముక్కలు మళ్లీ కాంతిని మింగేస్తాయి.

అందువల్ల చాలా ఫోన్ తెరల్లో నేటికీ నీలానికి ప్రతిదీప్తి అణువులనే వాడుతున్నారు. రెండు ట్రిప్లెట్లు కలిసి ఒక సింగ్లెట్‌గా మారే ప్రక్రియ తోడైతే వాటిలో వాడుకోగల ఎక్సైటాన్ల పాలు సిద్ధాంతపరంగా 25 నుంచి 62.5 శాతం వరకు పెరుగుతుంది. దక్షత కొంత వదులుకుని ఆయుష్షును కొనుక్కునే రాజీ ఇది. ట్రిప్లెట్‌ను మైక్రోసెకండు కన్నా త్వరగా ఖాళీచేసే గట్టి నీలి అణువును కనుగొనడం ఈ రంగంలో ఇప్పటి ప్రధాన లక్ష్యం.

తయారీ, పాతబస్తీ పరిసరాల లోహ విద్య

ఉద్గారక అణువును ఉత్పతనం ద్వారా పదేపదే శుద్ధి చేస్తారు. అతి స్వల్పమైన హాలోజన్ మాలిన్యం కూడా ఆయుష్షును తగ్గిస్తుంది. తర్వాత అధిక శూన్యంలో మాలిబ్డినం, టంగ్‌స్టన్ లోహాల పాత్రల్లోనో ప్రత్యేక మూసల్లోనో వేడిచేసి ఆవిరిని గాజు మీద పట్టిస్తారు. మూడు రంగుల బిందువులను విడివిడిగా వేయడానికి వేడికి దాదాపు వ్యాకోచించని ఇన్వార్ మిశ్రలోహపు సన్నని జల్లెడ రేకులు వాడతారు.

పాతబస్తీకి ఆగ్నేయాన కంచన్‌బాగ్‌లో 1973లో ఏర్పడిన మిశ్రధాతు నిగమ్, అంటే మిధానీ, మాలిబ్డినం ఉత్పత్తులను, నియంత్రిత వ్యాకోచ మిశ్రలోహాలను తయారుచేస్తుంది. దాని దగ్గరే రక్షణ లోహ పరిశోధనశాల ఉంది. సమీపంలోని బాలాపూర్‌లో 1997లో మొదలైన పరిశోధన కేంద్రం ఏఆర్‌సీఐ పూతలు, పొడి లోహ విద్య, సౌరశక్తి పదార్థాలపై పనిచేస్తోంది. వీటి ఉద్దేశం ఓఎల్‌ఈడీ కాదు. అయినా తెరల తయారీకి అవసరమైన లోహ, పూత నైపుణ్యం నగరపు దక్షిణ అంచున ఇప్పటికే ఉందన్నది వాస్తవం.

హైదరాబాద్ ప్రయోగశాలలు

అణువుల సంశ్లేషణలో నగర ప్రతిష్ఠ తార్నాకలోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థతో ముడిపడి ఉంది. ఆ సంస్థ 1944లో హైదరాబాద్ రాజ్యపు కేంద్ర ప్రయోగశాలలుగా మొదలై, 1956లో జాతీయ పరిశోధన మండలి అయిన సీఎస్‌ఐఆర్ పరిధిలోకి వచ్చి, 1989లో ప్రస్తుత పేరు పొందింది. మందులు, పురుగుమందుల సంశ్లేషణకు ఎక్కువగా పేరు పొందిన ఈ సంస్థలో వి. జయతీర్థరావు, కె. భానుప్రకాశ్ బృందాలు ఓఎల్‌ఈడీ పదార్థాలపై పనిచేశాయి. 2009లో ప్రచురితమైన పరిశోధనలో ఆంత్రసీన్ 9, 10 స్థానాలకు ఆక్సాడయజోల్ సమూహాలు చేర్చి ఎలక్ట్రాన్లను బాగా మోసే ఉద్గారకాలను తయారుచేశారు. పరికరాలను ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల శాస్త్రజ్ఞులతో కలిసి పరీక్షించారు. పోప్ 1963లో వెలిగించిన ఆంత్రసీన్‌నే దాదాపు అర్ధ శతాబ్దం తర్వాత తార్నాకలో మలిచి కొత్త పనికి సిద్ధం చేశారు. అణువును తయారుచేసే ముందు దాని శక్తి స్థాయిలను కంప్యూటర్‌పై లెక్కించే పద్ధతిని భానుప్రకాశ్ బృందం ఈ కృషికి తోడుచేసింది.

1974లో స్థాపితమైన, గచ్చిబౌలిలోని హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో టి.పి. రాధాకృష్ణన్ బృందం డైఅమినో డైసయనో క్వినోడైమీథేన్ అణువులను విస్తారంగా పరిశీలించింది. ఇవి ద్రావణంలో మసకగా, ఘనరూపంలో ప్రకాశంగా వెలుగుతాయి. ఘనపదార్థంలో అణువులు ఎలా పేర్చుకుంటాయన్నది కాంతిని శాసిస్తుందని ఈ పని స్పష్టం చేసింది. అదే విశ్వవిద్యాలయంలో గౌతమ్ ఆర్. దేశిరాజు స్ఫటిక ఇంజనీరింగ్‌కు ప్రపంచస్థాయి పునాది వేశారు. ఆ విషయంపై ఆయన గ్రంథం 1989లో వెలువడింది. అణువుల అమరికపై ఆ సంప్రదాయం కాంతి పదార్థాలకూ అక్కరకు వస్తుంది. ఆర్. చంద్రశేఖర్ వంగే కర్బన స్ఫటికాలతో కాంతిని నడిపించే పరిశోధన చేస్తున్నారు. అనునయ్ సామంత ప్రతిదీప్తి శాస్త్రంలో దీర్ఘకాలం కృషి చేశారు. 2008లో మొదలైన ఐఐటీ హైదరాబాద్‌లో వి. శివకుమార్ బృందం కర్బన ఉద్గారకాలు, యూరోపియం సంక్లిష్టాలపై పనిచేస్తోంది.

పరిశ్రమ

భారతదేశం ఓఎల్‌ఈడీ తెరల కోసం ఇంకా దిగుమతుల మీదే ఆధారపడుతోంది. 2022 జూన్‌లో రాజేష్ ఎక్స్‌పోర్ట్స్ తన ఎలెస్ట్ సంస్థ ద్వారా తెలంగాణలో 24,000 కోట్ల రూపాయలతో ఏఎంఓఎల్‌ఈడీ తెరల కర్మాగారం పెట్టేందుకు రాష్ట్ర ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంది. తెర కర్మాగారానికి భూమి, పెట్టుబడి ఎంత అవసరమో, అణువుల సరఫరా, శుద్ధి, ఆయుష్షు పరీక్షలు కూడా అంతే అవసరం.

అంచనా

లోహం నుంచి కార్బన్‌కు, కార్బన్ నుంచి బోరాన్, నత్రజనుల బిగువు వలయాలకు సాగిన ఈ ప్రయాణంలో ప్రతి అడుగూ సంశ్లేషణ శాస్త్రజ్ఞులు వేసిందే. మందుల అణువులను వందల కిలోల చొప్పున శుద్ధంగా చేయడం నేర్చిన హైదరాబాద్‌కు ఈ విద్య పరాయిది కాదు. లోటు పరికర తయారీలోనూ, వేల గంటల మన్నిక పరీక్షల్లోనూ ఉంది. అణువును తార్నాకలో, గచ్చిబౌలిలో చేసి పరికరం కోసం వేరే నగరానికో దేశానికో పంపుతున్నంతకాలం దాని లోపం తిరిగి సంశ్లేషణ బల్ల దగ్గరకు ఆలస్యంగా చేరుతుంది. నగరంలోని రసాయన, లోహ, పూతల ప్రయోగశాలలు ఒకే పరీక్షా కేంద్రం చుట్టూ కలిసి పనిచేయడం, దాన్ని విద్యార్థులకు అందుబాటులో ఉంచడం ఇప్పటి అవసరం. నీలి అణువు ఆయుష్షు ఇంకా ఎవరి చేతా పూర్తిగా పరిష్కారం కాలేదు. ఆ పోటీలో చేరడానికి హైదరాబాద్‌కు సమయం మించిపోలేదు.